కాళ్ళ మీది చిన్న అక్షరాలు

దర్జీ పని మానేసి ఏడేళ్ళయినా ఆవిడ మెడలోంచి టేపు దిగలేదు. బడిపిల్లల యూనిఫారాలు కుట్టీ కుట్టీ, ఎదురుగా వచ్చిన మనిషి నడుమెంతో భుజమెంతో చూపుతోనే చెప్పేసేది. వీధంతా ఆవిడని టేపమ్మ అంటారు. ఆవిడ భర్త ముప్ఫయ్యారేళ్ళు అచ్చాఫీసులో పనిచేశాడు గనక ప్రెస్సాయన.

రోజూ పొద్దున్నే మంచం అంచున కూర్చుని టేపమ్మ చీలమండ చుట్టూ టేపు తిప్పి, ఆ కొలత గోడ మీద సుద్దముక్కతో రాస్తుంది. కిందటేడు తొమ్మిదింపావు అంగుళాలు. ఇవాళ పదకొండు. వేలితో నొక్కితే గుంట పడుతుంది. అది పూడేలోపు ఆవిడ తాపీగా పది లెక్కపెట్టగలదు.

ఆ వాపు మీద అక్షరాలున్నాయి. అందులో వింతేమీ లేదు. ప్యాకెట్ల తిండి తినేవాళ్ళకి, ప్యాకెట్ వెనక ఉండే చిన్న అక్షరాలు ఒంటి మీద తేలతాయి. పిల్లలకైతే మోచేతి మీద తేలి రెండు స్నానాలకి పోతాయి. పెద్దవాళ్ళకి కాళ్ళ మీద తేలి అక్కడే మకాం పెడతాయి, పైగా పెరుగుతాయి. కొందరు పౌడరు అద్దుకుంటారు, కొందరు మేజోళ్ళు తొడుక్కుంటారు. టేపమ్మ కాళ్ళ మీద మొదట ఆవగింజలో సగం ఉండేవి. పుట్టుమచ్చలనుకుంది. ఇప్పుడు ఒక్కోటీ పప్పుబద్దంత అయ్యాయి.

ఆ రోజు ఆస్పత్రిలో కిడ్నీల డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి, అక్షరాల మీద టార్చి వేసి చూసింది.

"రోజూ ఏం తింటున్నారమ్మా?"

"ఏముందీ, మోకాళ్ళ నొప్పులు, పొయ్యి ముందు నిలబడలేను. పొద్దున బిస్కెట్లు, మధ్యాహ్నం సూపు, రాత్రికి సూపూ బ్రెడ్డూ. పెద్దవాళ్ళ కోసమే ప్రత్యేకంగా చేసిన సూపండీ! ప్యాకెట్ మీద రాసుంటుంది."

"ముందు రాసింది చదివారు. వెనకది?"

"అది చదవడానికి చీమ కళ్ళు కావాలి."

డాక్టరమ్మ నవ్వలేదు. "మీరు దర్జీ కదా, మీ భాషలోనే చెప్తాను. కిడ్నీ అంటే సన్నటి నేత గుడ్డ. ఒంట్లో రక్తమంతా దాంట్లోంచే వడకట్టాలి. వయసుతో కొన్ని పోగులు ఎలాగూ పలచబడతాయి. మీకు బీపీ కూడా ఉంది. దాని మీద రోజూ ఇంత ఉప్పు, నిలవ ఉండటానికీ చిక్కబడటానికీ కలిపే ఈ ఫాస్ఫేట్లు. తెగిన పోగు మళ్ళీ రాదు. ఆ బరువు కూడా మిగిలిన పోగులే మోయాలి."

"అంటే ఈ సూపే చేసిందంటారా?"

"ఇదొక్కటే చేసిందని నేను ప్రమాణం చేయలేను. ఇలాంటి తిండి ఎక్కువ తినే పెద్దవాళ్ళలో కిడ్నీలు త్వరగా దెబ్బతింటున్నట్టు కనబడుతోంది. మీ అంకెలు ఇదే జోరులో పెరిగితే ఏడాది తిరక్కుండా డయాలసిస్ మిషనే. ముందు ఏ ప్యాకెట్ ఒంటికి ఎక్కువగా ఎక్కుతోందో కనిపెట్టి ఆపండి. మూడు నెలల్లో మళ్ళీ చూద్దాం."

అక్కడే వచ్చింది చిక్కు. ఏ ప్యాకెట్ వెనక చూసినా దాదాపు అవే మాటలు. బిస్కెట్టో, బ్రెడ్డో, సూపో ఎలా తేలుతుంది?

ఇంటికొచ్చాక ప్రెస్సాయన ముక్కాలిపీట లాక్కుని ఆవిడ కాలు ఒళ్ళో పెట్టుకుని, భూతద్దంతో చూడటం మొదలెట్టాడు. మొదటి వరుస చదివాడు. రెండోది చదివాడు. మూడో వరుస దగ్గర ఆగాడు. బొటనవేలితో అక్కడ రుద్దాడు. మళ్ళీ రుద్దాడు.

"ఏమండీ, అది గోడ కాదు, నా కాలు. చర్మం ఊడొస్తుంది."

ఆయన తలెత్తలేదు. "ఇక్కడ గీత ఉందే. వెంట్రుకంత. అక్షరాల మీదుగా అడ్డంగా పోయింది."

"ఉంటే?"

"ఆ గీత నాది."

టేపమ్మకి అర్థం కాలేదు. ఆయన విడమరిచి చెప్పాల్సొచ్చింది. పన్నెండేళ్ళ కిందట సూపు ప్యాకెట్ అచ్చు వేయడానికి కావలసిన ఫిల్ము తయారు చేసింది తనే. ఆరబెడుతుంటే గోరు తగిలి మూడో వరుస మీద గీత పడింది. మళ్ళీ చేయాలంటే పూట పని. వెనకవైపు ఎవడు చదువుతాడులే అని వదిలేశాడు. ఇప్పటికీ ఆ ఫిల్ముతోనే అచ్చు ప్లేట్లు చేస్తున్నారు.

"అంత చిన్నగా ఎందుకు పెట్టారు అసలు?"

"ముందువైపు తాతగారి బొమ్మ పెద్దది చేయమన్నారు. ఆ బొమ్మ అంచు తిరిగి వెనకవైపుకి కూడా వస్తుంది. నవ్వుకి చోటు చాల్లేదే. అక్షరాలు కుదించమన్నారు. కుదించాను. ఇంకా కుదించమన్నారు."

"ఆ ముసలాడి పళ్ళు ఇరుక్కున్నాయని నా కాళ్ళు ఇరికించారా!"

ఆ మాటతో పాటు చేతికందిన సూపు ప్యాకెట్ గోడకి తగిలి పగిలింది. తర్వాత మరొకటి. అటక మీద అట్టపెట్టె నిండా ఉన్నాయి. రిటైరైన పాత పనివాళ్ళకి ప్రెస్సువాళ్ళు నెలనెలా ఇచ్చే కానుక. ప్రెస్సాయన ఆ పెట్టెని భుజాన పెట్టుకుని, వీధిలో నలుగురూ చూసేలా మోసుకొచ్చేవాడు.

"పెళ్ళయి నలభై నాలుగేళ్ళు. పుట్టింటికెళ్తే ఒక్క ఉత్తరం ముక్క రాసిన పాపాన పోలేదు. ఇప్పుడు రాశారు, కాళ్ళ నిండా! చదువుకోవడానికి భూతద్దం కూడా ఇచ్చారు!"

"తిట్టవే. తిట్టు."

"మీరు చెప్తే తిట్టాలా? నాకు రాదా?"

కాసేపు తిట్టింది. తర్వాత ఏడ్చింది. ఏడుపు మధ్యలోనే లేచి చెప్పులేసుకుంది.

"ఎక్కడికే?"

"మీ ప్రెస్సుకి. మీరొస్తే రండి, లేకపోతే నేల తుడుస్తూ ఉండండి."

వాచిన కాళ్ళతో నడుస్తుంటే ప్రతి అడుగుకీ చెప్పుల పట్టీలు కోసుకుపోతున్నాయి. ప్రెస్సాయన పది గజాలు వెనక నడిచాడు. దగ్గరికొస్తే ఏమంటుందోనని భయం, దూరమైతే ఎక్కడ పడిపోతుందోనని భయం.

అచ్చాఫీసు నిండా సిరావాసన. యంత్రం దడదడమని ప్యాకెట్ల కాగితం కక్కుతోంది. వరసగా తాతగారు, తాతగారు, తాతగారు, అందరూ నవ్వుతున్నారు. అద్దాల గదిలో యజమాని కూర్చున్నాడు. పాత యజమాని కొడుకు, నలభై ఏళ్ళవాడు. బల్ల మీద సూపు కొత్త ప్యాకెట్ ప్రూఫు పరిచి ఉంది. ఆయన సంతకం పెడితే అచ్చుకి పోతుంది.

"రండి పిన్నిగారూ, కూర్చోండి! ఏమిటిలా వచ్చారు? సూపు అయిపోయిందా?"

టేపమ్మ కూర్చుంది. చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ ఎత్తి బల్ల మీద, సరిగ్గా ఆ ప్రూఫు మీద పెట్టింది.

"చదవండి."

యజమాని కాళ్ళకేసి చూశాడు. "ఓ, అక్షరాలా. ఈ వయసులో అందరికీ వస్తాయండీ. మా అమ్మకీ ఉన్నాయి. మేజోళ్ళు వేసుకుంటుంది."

"మేజోళ్ళు ఎవరు కొనిచ్చారు?"

"నేనే."

"ఎన్ని జతలు?"

ఆయన కుర్చీలో సర్దుకున్నాడు. "చూడండి, కంపెనీవాళ్ళు ఇచ్చిందే మేం అచ్చేస్తాం. చట్టం చెప్పిన సైజుకి రవ్వంత కూడా తక్కువ లేదు. చదువుకోవాలనుకున్నవాళ్ళు చదువుకోవచ్చు."

"అందుకే వచ్చాను. మీరు చదువుకున్నవారు కదా, కానివ్వండి."

గుమ్మంలో ప్రెస్సాయన నిలబడ్డాడు. బయట యంత్రం నడిపేవాడు స్విచ్చి కట్టేసి మరీ వింటున్నాడు. ఆ నిశ్శబ్దంలో యజమానికి చదవక తప్పలేదు. భూతద్దం అక్కర్లేకుండానే చదివాడు. మొదట్లో మామూలుగా, తర్వాత నెమ్మదిగా. ఉప్పు. ఉప్పే ఇంకో పేరుతో. మళ్ళీ ఉప్పు, మూడో పేరుతో. ఫాస్ఫేటు, ఇంకో ఫాస్ఫేటు. రుచి పెంచేది, రంగు నిలిపేది. కూరగాయలు చివరి వరుసలో ఉన్నాయి, వందకి రెండు పాళ్ళు. తన ప్రెస్సులో కోట్లసార్లు అచ్చయినదాన్ని ఆయన చదవడం అదే మొదటిసారి.

చదవడం పూర్తిచేసి ఫోను తీశాడు.

"అమ్మా, మేజోళ్ళు తియ్యి. ఒకసారి తియ్యమ్మా, చెప్తాను. నీ కాలి మీద ఏం రాసుందో చదివి వినిపించు. లేదు, చదవగలవు. ఇప్పుడు పెద్దవయ్యుంటాయి."

ఫోను చెవి దగ్గర పెట్టుకుని చాలాసేపు విన్నాడు. మధ్యలో ఒకసారి, "మూడో వరుస మీద గీత ఉందా?" అనడిగాడు. జవాబు విని ఫోను బోర్లించి బల్ల మీద పెట్టాడు.

టేపమ్మ కాళ్ళు కిందికి దించింది. ప్రూఫు మీద రెండు పాదాల చోటా అక్షరాలు దిగి ఉన్నాయి, పప్పుబద్దంత, నల్లగా, వరుసలు చెదరకుండా. తాతగారు మూలకి జరిగి బొటనవేలంత అయిపోయాడు. పళ్ళు కనబడటం లేదు.

"దీన్ని ఇలాగే వేస్తే కంపెనీవాళ్ళు ఊరుకోరు," అన్నాడు యజమాని, ఎవరికీ కాకుండా.

గుమ్మంలోంచి ప్రెస్సాయన గొంతు సవరించుకున్నాడు. "ఇంతకంటే చిన్నగా ఉండకూడదని చట్టంలో ఉంది బాబూ. పెద్దగా ఉండకూడదని ఎక్కడా లేదు. ముప్ఫయ్యారేళ్ళు చూశాను."

యజమాని కలం మూత తీశాడు. తర్వాత సంతకం పెట్టాడు. టేపమ్మ చెప్పులేసుకుని బయటికి నడిచింది.

ఆ మూడు నెలలూ ఇంట్లో వంట ప్రెస్సాయనదే. మొదట్లో అన్నీ మాడ్చాడు. ఉప్పు తక్కువ, నూనె తక్కువ, నైపుణ్యం అసలే లేదు. ఆవిడ ప్రతి ముద్దకీ ఒక మాట అంటించేది, ఆయన తలవంచుకుని వడ్డించేవాడు. కోపం తగ్గిందా అని ఒకసారి అడిగితే, "తగ్గితే గోడ మీద రాస్తాలెండి," అంది. గోడ మీద చీలమండ కొలత మాత్రం పదిన్నరకీ, అక్కణ్ణుంచి పదికీ దిగింది.

డాక్టరమ్మ కాగితాన్ని రెండుసార్లు చూసింది. "పోయింది వెనక్కి రాదమ్మా. కానీ ఆగింది. ఇలా ఉంటే మిషను మాట ఇప్పట్లో అక్కర్లేదు." కాళ్ళ మీద టార్చి వేసింది. ఒక్క అక్షరం లేదు. వెంట్రుకంత గీత మాత్రం అడ్డంగా అలాగే ఉంది.

తిరిగొస్తూ టేపమ్మ సబ్బు కోసం కొట్లోకి వెళ్ళింది. సూపు అరల దగ్గర ఒక పెద్దావిడ ప్యాకెట్ చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. కళ్ళజోడు నుదుటి మీదే ఉంది, దించుకోలేదు. పెదాలు కదులుతున్నాయి. చివరి వరుస దాకా చదివి ప్యాకెట్‌ని వెనక్కి పెట్టేసింది. అటూ ఇటూ చూసి, వంగి, ఎడమకాలి మేజోడు కాస్త కిందికి లాగి చూసుకుంది. మొహం మాడిపోయింది.

టేపమ్మ మెడలోంచి టేపు తీసింది.

"ఆ కాలు ఇలా పెట్టండి వదినగారూ," అంది. "ఎంతుందో చూద్దాం."