వంటింట్లోకి వచ్చిన కారు

నేను పాలు తీసుకుని వచ్చేసరికి కారు వంటింట్లో ఉంది.

కారు మొత్తం కాదు, ముందు సగం. వంటింటి పక్క గోడ కూలిపోయి, ఆ కన్నంలోంచి బానెట్ లోపలికి దూరి, స్టవ్ గట్టుకి జానెడు దూరంలో ఆగింది. వెనక సగం ఇంటి పక్క జాగాలోనే ఉంది. ఇటుకలు, సిమెంటు పెళ్లలు, దొర్లిన ఉల్లిపాయలు, అన్నిటి మీదా తెల్లగా గోధుమపిండి. ఒక హెడ్‌లైటు ఇంకా వెలుగుతూ, పొద్దున నేను తోమి బోర్లించిన గిన్నెల్ని పరీక్షగా చూస్తోంది.

ముందు గ్యాస్ కట్టేశాను. తర్వాత మెయిన్ స్విచ్ తీశాను. ఆ తర్వాతే మనుషుల్ని చూశాను. మా ఆయన తువ్వాలు చుట్టుకుని, ఒక చెవికి సబ్బు నురగతో గిన్నెల మధ్య నిలబడి ఉన్నాడు. అత్తయ్య వరండా మెట్టు మీద మంచినీళ్ల గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఎవరికీ దెబ్బలు లేవు. ఊపిరి పీల్చుకున్నాను.

"హ్యాండ్‌బ్రేక్ వెయ్యలేదు కదూ?" అన్నాడు మా ఆయన.

"వేశాను."

"వేస్తే ఇదేంటి మరి? నేను స్నానం చేస్తుంటే ధడేల్మని శబ్దం. అమ్మ అప్పుడే వ్యాయామం నుంచి వచ్చిందట, పాపం, హడలి చచ్చింది. నిన్న ఆఖర్న బండి తెచ్చింది నువ్వు. తాళం కూడా దానికే వదిలేశావ్, చూడు!"

చూశాను. తాళం నిజంగానే కారుకి ఉంది. తలుపు పక్క దాన్ని తగిలించే మేకు ఖాళీగా ఉంది. హ్యాండ్‌బ్రేక్ కిందికి దింపి ఉంది.

ఒక్క క్షణం నేనే చేశానని నమ్మేశాను. అది ఎలా జరుగుతుందో చెప్తే తప్ప అర్థం కాదు. ఈ ఇంట్లో ఫ్రిజ్ పాడైతే నేను తలుపు గట్టిగా వేసినందుకు. అతని చొక్కా గుండీ ఊడితే నేను ఉతికినందుకు. మోటారు కాలిపోతే నేను కట్టెయ్యడం మర్చిపోయినందుకు. ఆ రోజు నేను ఊళ్లోనే లేనని తర్వాత తేలినా, "ఉంటే మర్చిపోయేదానివే" అన్నాడు. అలవాటైన నేరస్తురాలికి కొత్త నేరం ఒప్పుకోవడం పెద్ద కష్టం కాదు. చేతులు వాటంతటవే చీపురు కోసం వెళ్తాయి. నా చేతులు వెళ్లాయి కూడా.

"సరే, జరిగిందేదో జరిగింది" అన్నాడతను ఉదారంగా. "బండి బాగయ్యాక తాళం నా బీరువాలో ఉంటుంది. నువ్వు బస్సులో వెళ్లు. నీకూ నయం, గోడలకీ నయం."

చీపురు అక్కడే వదిలేశాను.

నేను ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాను. అది ఊరికి అటు చివర. రెండు బస్సులు మారి, ఒంటికాలి మీద నిలబడి వెళ్లేదాన్ని. మా ఆయనకి ఆఫీసు వ్యాన్ వస్తుంది. కారు మాత్రం కవరు కప్పుకుని పెళ్లికొడుకులా ఇంట్లోనే కూర్చునేది. కిందటేడు పట్టుబట్టి డ్రైవింగ్ నేర్చుకున్నాను. ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఉన్న ఆ అరగంటలో ఎవరూ నన్ను ఏదీ అడగరు. అద్దాలు ఎత్తేసుకుని, గొంతు ఎలా ఉన్నా సరే, పాటలు పాడుకుంటాను. సిగ్నల్ దగ్గర పక్క బండివాళ్లు నవ్వినా పాడతాను. మేకుకి వేలాడే ఆ తాళం నాకు తాళం కాదు, ఆ అరగంట. దాన్ని బీరువాలో పెడతాడట.

ఫోన్ తీసి ఇన్సూరెన్స్ కంపెనీకి చేశాను. గంటలో నష్టం లెక్కగట్టే సర్వేయరు వస్తాడనీ, అంతవరకు కారు కదపొద్దనీ చెప్పారు.

"గోడకి కూడానా?" అన్నాడు మా ఆయన. "ఇల్లు కాలిపోతేనే కదా ఇచ్చేది?"

అతనికి తెలియకపోవడంలో వింత లేదు. పాలసీలు ఎంచుకున్న రోజు కూడా అతను స్నానమే చేస్తున్నాడు. ఏజెంటు ఫోన్ చేసి, "సార్ ఉన్నారా మేడమ్?" అన్నాడు. "ఉన్నారు, నీళ్లలో ఉన్నారు. నాకు చెప్పండి" అన్నాను. అతను కాసేపు నసిగి, చెప్పడం మొదలుపెట్టాడు. నేను అడగడం మొదలుపెట్టాక ఇక ఆగలేదు. కారుకి రెండు రకాలట. మనం ఎవరికైనా నష్టం చేస్తే వాళ్లకి ఇచ్చేది ఒకటి, మన బండికి కూడా ఇచ్చేది ఇంకొకటి. ఇంటికి అయితే గోడలు వేరు, లోపలి సామాన్లు వేరు. నిప్పు, దొంగతనం మామూలే. మా ఇల్లు సరిగ్గా వీధి మలుపులో ఉంది, రోజూ లారీలు మా ప్రహరీని రాసుకుంటూ తిరుగుతాయి. "ఏదైనా బండి వచ్చి ఇంటిని గుద్దితే?" అని అడిగాను. దానికి విడిగా కలపాలన్నాడు. "మా సొంత బండే గుద్దితే?" అని కూడా అడిగాను. అవతల నవ్వాడు. "అదీ ఉంది మేడమ్, ఇంకాస్త కడితే. ఎవరూ అడగరు." నేను అడిగాను కదా, కలపమన్నాను.

ఇక చివరిది, కారు ఎవరు నడుపుతారు అని. ఒక్క సార్ పేరే రాస్తే చవక. ఇంట్లో లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరైనా అంటే కొంచెం ఎక్కువ. ఎవరైనా అనే రాయమన్నాను. పక్కనే చిక్కుడుకాయలు ఒలుస్తూ అత్తయ్య తలెత్తింది.

"ఎవరు నడిపినానా?" అంది.

"లైసెన్సు ఉంటే ఎవరైనా అత్తయ్యా."

"ఊఁ" అని మళ్లీ చిక్కుడుకాయల్లో పడింది.

మా ఆయన తల తుడుచుకుంటూ వచ్చి విని, పడీ పడీ నవ్వాడు. "లారీ వచ్చి మన వంటింట్లో టీ తాగుతుందా? అన్నీ ఒకటేనోయ్, తక్కువదేదో తీసుకోవాలి గానీ" అన్నాడు. ఆ తర్వాత ప్రతి పెళ్లిలో, ప్రతి పుట్టినరోజుకి, మా ఆవిడ లారీలకి టీ కాస్తుందని చెప్పి అందర్నీ నవ్వించాడు. నేనూ నవ్వేదాన్ని. ఇప్పుడు లారీ రాలేదు. మా కారే వచ్చింది. టీకి పాలు నా చేతిలోనే ఉన్నాయి.

పాలు గట్టు మీద పెట్టి, హెడ్‌లైటు ఆర్పుదామని బయటికి వెళ్లి కారు తలుపు తీశాను. సీట్లో కూర్చోబోతే మోకాళ్లు స్టీరింగ్‌కి కొట్టుకున్నాయి. దూరితే గానీ పట్టలేదు. సీటు ముందుకి జరగగలిగినంత జరిగి ఉంది. నేను పొట్టిదాన్ని కాదు. మా ఆయనైతే గుమ్మాలకి తల కొట్టుకునే మనిషి. అద్దం చూస్తే అందులో గేటు లేదు, వెనక సీటు ఉంది. ఎవరో దాన్ని కిందికి వంచారు. బండి మొదటి గేర్లో ఉంది. లైటు ఆర్పి, తాళం తీసుకున్నాను. నా కింద మెత్తగా ఏదో తగిలింది. లాగి చూశాను.

బూడిదరంగు దిండు.

ఆ దిండు నాకు బాగా తెలుసు. అత్తయ్య మోకాలి దిండు. ఆమెకి మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి, ఫిజియోథెరపీ అంటూ రోజూ పొద్దున్నే ఆ దిండు చంకన పెట్టుకుని వెళ్తుంది. వెళ్లేటప్పుడు కుంటుతూ వెళ్తుంది. వచ్చేటప్పుడు చకచకా వస్తుంది. ఎంత మంచి డాక్టరో అనుకునేదాన్ని. ఆ నొప్పులు ఎప్పుడు మొదలయ్యాయా అని వెనక్కి లెక్కేసుకుంటే, చిక్కుడుకాయల రోజు దగ్గర ఆగాను.

సీట్లో కూర్చునే నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను. గోడ కూలిన ఇంట్లో ఆడది నవ్వితే ఏమనుకుంటారు! మామయ్య ఉన్నన్నాళ్లూ ఈమె కారులో వెనక సీట్లోనే కూర్చునేది. ముందు సీటు ఖాళీగా ఉన్నా వెనకే. "ఆడది ముందు కూర్చుంటే డ్రైవరుకి సలహాలు చెప్తుంది" అనేవాడాయన. నేను నేర్చుకుంటానన్నప్పుడు, "ఆడదాని చేతికి స్టీరింగ్ ఇస్తే ఇల్లు రోడ్డున పడుతుంది" అని ఆయన మాటే అప్పజెప్పింది. ఇల్లు రోడ్డున పడలేదు. రోడ్డే ఇంట్లోకి వచ్చింది.

నవ్వు ఆగాక భయం వేసింది. ఈమెకి లైసెన్సు ఎక్కడిది? లేకపోతే కారుకీ డబ్బు రాదు, గోడకీ రాదు. పైగా కొడుకు ఈమెని గడప దాటనివ్వడు. ఇక ఈ ఇంట్లో ఏ ఆడదానికీ తాళం దొరకదు. నేనే చేశానంటే అందరూ హాయిగా నమ్ముతారు, డబ్బూ వస్తుంది. పోయేది నా అరగంట ఒక్కటే. అబద్ధమని తేలితే మాత్రం అన్నీ పోతాయి.

దిండు తీసుకెళ్లి అత్తయ్య పక్కన మెట్టు మీద పెట్టి, నేనూ కూర్చున్నాను. ఆమె దిండు వైపు చూసింది. నా వైపు చూడలేదు. జుట్టునిండా పిండి.

"మోకాలు ఎలా ఉందత్తయ్యా?"

"పర్లేదే."

"ఎడమ మోకాలేనా? క్లచ్ తొక్కేది?"

ఆమె దిండుని పైటకొంగుతో కప్పేసింది.

"మీ సంగతి నా నోటితో చెప్పను" అన్నాను మెల్లగా. "కానీ నేను చేశానని మాత్రం ఒప్పుకోను. ఈసారి ఒప్పుకోను అత్తయ్యా. ఆ తాళం నాకు కావాలి."

ఆమె ఇంటి లోపలికి ఓసారి తొంగి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "అమ్మాయ్, ఆ రోజు ఫోన్లో అన్నావు చూడు, ఎవరు నడిపినా అని. అది నిజంగానే రాయించావా? వాడు మాన్పించలేదు కదా?" అంది.

"రాయించాను. లైసెన్సు ఉన్నవాళ్లు ఎవరైనా."

ఆమె గ్లాసు కింద పెట్టి, లేచి, కుంటకుండా లోపలికి వెళ్లిపోయింది.

సర్వేయరు వచ్చాడు. బొద్దుగా ఉన్నాడు, మెడలో కెమెరా. కారు చుట్టూ తిరిగి ఫోటోలు తీసి, పిండి ముక్కులోకి పోయి నాలుగు తుమ్ములు తుమ్మి, "చాలా చూశాను గానీ మేడమ్, వంట చేసే కారుని చూడలేదు" అన్నాడు. తర్వాత మా ఆయన వైపు తిరిగాడు. "నడిపిందెవరు సార్?"

"ఎవరూ నడపలేదండీ. మా ఆవిడ హ్యాండ్‌బ్రేక్ మర్చిపోయింది. బండి దానంతటదే దొర్లిపోయింది."

సర్వేయరు నన్ను చూశాడు. ఇలాంటప్పుడు నేను తల వంచుకుంటానని మా ఆయనకి తెలుసు. వంగాను. వంగి, నా కాళ్ల దగ్గరున్న ఉల్లిపాయ ఒకటి తీసి, కారు వెనక చక్రం పక్కన నేల మీద పెట్టి వదిలాను.

ఉల్లిపాయ ఒక్క క్షణం ఆలోచించింది. తర్వాత వంటింటికి వీపు చూపించి, గేటు వైపు దొర్లడం మొదలుపెట్టింది. దొర్లి దొర్లి, గేటు కింది సందులోంచి వీధిలోకి వెళ్లిపోయింది.

"వాన నీళ్లు పోవాలని మామయ్యే ఇలా వాలు పెట్టించారు" అన్నాను. "హ్యాండ్‌బ్రేక్ మర్చిపోతే కారు వీధిలో ఉండాలి. ఎత్తెక్కి గోడ పగలగొట్టిందంటే ఎవరో తొక్కితేనే ఎక్కింది. నేను పాలకి వెళ్లాను. నేను కాదు."

నేను కాదు. రెండు మాటలు. ఇన్నేళ్లలో ఆ ఇంట్లో నా నోటి నుంచి అవి అంత గట్టిగా రావడం నేనే మొదటిసారి విన్నాను. మా ఆయన ఉల్లిపాయ పోయిన దారినే చూస్తున్నాడు.

"మరి ఎవరు? నేను స్నానంలో ఉన్నాను!" అన్నాడు, మొదటిసారి తన తరఫున తనే సాక్ష్యం చెప్పుకుంటూ.

"అది మీరు తేల్చుకోవాలి సార్" అన్నాడు సర్వేయరు. "మీ పాలసీలు భేషుగ్గా ఉన్నాయి, సొంత బండి గుద్దినా గోడకి వస్తుంది. ఎవరు ఎంచారో గానీ తెలివిగా ఎంచారు. కానీ నడిపిన మనిషెవరో నిజం కావాలి, లైసెన్సు కావాలి. అబద్ధమని తేలితే కారూ లేదు, గోడా లేదు."

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అని వినిపించింది వెనకనుంచి.

అత్తయ్య గుమ్మంలో నిలబడి ఉంది. ముఖం కడుక్కుని, చీర మార్చుకుని, ఎక్కడికో బయల్దేరినట్టుంది. పిండి మీద జాగ్రత్తగా అడుగులేస్తూ వచ్చి, పైటచాటు పర్సులోంచి ఒక కార్డు తీసి, కారు డిక్కీ మీద చప్పుడయ్యేలా పెట్టింది. కొత్త కార్డు. ప్లాస్టిక్ కవరు కూడా తియ్యలేదు. ఫోటోలో ఆమె పళ్లన్నీ కనిపించేలా నవ్వుతోంది. ఇంట్లో ఉన్న ఏ ఫోటోలోనూ ఆమె పళ్లు నేను చూడలేదు.

"ఏంటమ్మా ఇది?" అన్నాడు మా ఆయన.

"మోకాళ్ల వైద్యం."

"నీకు బండేంటమ్మా? నువ్వు లోపలికి వెళ్లు, కంగారులో ఏదో మాట్లాడుతున్నావ్. ఈవిడే నిన్ను ఇరికిస్తోంది. కోడల్ని కాపాడటానికి..."

"దాన్ని నేను కాపాడేదేంట్రా, ఆ కాగితాలు రాయించి నన్ను కాపాడింది అది! నిన్ననే వచ్చింది కార్డు. నువ్వు స్నానం చేసి వచ్చేసరికి గేటు బయట పెట్టి హారన్ కొడదామనుకున్నా, నీ ముఖం చూద్దామని. రివర్స్ అనుకుని ఫస్టు వేశా. అదొక్కటే తేడా. స్టార్టింగ్ మాత్రం ఒక్కసారికే అయింది, అడుగు ఎవర్నైనా!"

సర్వేయరు తుమ్ము ఆపుకుంటూ కార్డుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "లైసెన్సు ఒరిజినలే. అయితే అమ్మగారూ, మీరు మీ నోటితో చెప్పాలి. కారు నడిపింది ఎవరు?"

మా ఆయన, "అమ్మా..." అన్నాడు.

అత్తయ్య నా చేతిలోంచి తాళం తీసుకుంది. కొంగు సర్దుకుని, వీధి చివరిదాకా వినపడేలా చెప్పింది.

"నేను. రాసుకో నాయనా. డ్రైవరు నేను."