కాలని చెయ్యి

నాకు తెలియని సంగతి ఉంటుందని ఎవరైనా అంటే నాకు ఒళ్లు మండుతుంది. ఇరవై రెండేళ్లుగా కంఠేశ్వర్‌లో జిరాక్స్ దుకాణం నడుపుతున్నాను. డిచ్‌పల్లి యూనివర్సిటీ పిల్లలు ఏళ్ల తరబడి కష్టపడి రాసిన పరిశోధన పుస్తకాలు బైండింగుకు నా దగ్గరికే వస్తాయి. జిగురు ఆరేదాకా ఊరికే కూర్చోవడం నా వల్ల కాదు. చదివేస్తాను. ఆక్టోపస్‌కు మూడు గుండెలుంటాయనీ, జిరాఫీ మెడలో కూడా మన మెడలో ఉన్నట్టే ఏడు ఎముకలేననీ నాకు తెలిసింది అట్లాగే. రాసినవాళ్లకు డాక్టరేట్లు వచ్చాయి, నాకు సాయంత్రం చాయ్ దగ్గర పేరు వచ్చింది.

ఆ చాయ్ దగ్గర మేం నలుగురం. పక్క షట్టర్లో జాకెట్లు కుట్టే లత, ఆటో నడిపే రాజారాం, మాక్లూర్‌లో పసుపు పండించే దేవన్న, నేను. దేవన్న వారానికి రెండు సార్లు ఏదో పని మీద టౌన్‌కు వస్తాడు, పని లేకపోతే కల్పించుకుని వస్తాడు. కూర్చున్నాక తలా ఒక వింత ముచ్చట చెప్పాలి. చెప్పినవాళ్లే సబూతు, అంటే రుజువు, చూపించాలి. చూపించలేకపోతే వారం రోజులు చక్కెర లేని చాయ్ తాగాలి.

ఈ శిక్ష ఎక్కువసార్లు పడింది రాజారాంకే. వాళ్లది బోధన్. వాళ్ల నాన్న అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో పనిచేసినవాడు. చెరుకు నిజానికి గడ్డి జాతి అని నేను చెప్పిన రోజు మనిషి లేచి నిలబడ్డాడు.

"ఏం మాట్లాడ్తున్నవక్కా? మా బాపు ముప్పై ఏండ్లు గడ్డి పిండిండా?"

"గడ్డే పిండిండు. సబూతు గీడుంది, సదువుకో," అని ఒక వ్యవసాయ పుస్తకం వాడి ఒళ్లో పడేశాను. ఆ వారమంతా వాడు మొహం ముడుచుకుని చప్పటి చాయ్ తాగుతుంటే లత నవ్వలేక చచ్చింది. నా మాట ఒక్కటి కూడా ఇప్పటిదాకా తప్పలేదు. తప్పదు కూడా.

మొన్న డిసెంబర్లో ఒకమ్మాయి కుష్ఠు వ్యాధి మీద రాసిన పుస్తకం తెచ్చింది. రెండు వందల పేజీలు ఒక్క మధ్యాహ్నంలో చదివాను. అమెరికాలో ఒంటినిండా పెంకులుండే ఆర్మడిల్లో అనే జంతువు ఉందట, మనుషులకు వచ్చే ఈ జబ్బు దానికీ వస్తుందట. సాయంత్రం ఆ ముచ్చట చెప్పగానే ముగ్గురూ నోళ్లు తెరిచారు. ఫోన్లో బొమ్మ చూపించమని రాజారాం ప్రాణం తీశాడు. దేవన్న అయితే ఆ జంతువుకు మందు ఎవరు వేస్తారని అడిగాడు. ఆ పుస్తకంలో ఇంకా చాలా ఉంది. వింతగా ఉన్నది చెప్పాను, మిగతాదంతా అట్టల మధ్య పెట్టి కుట్టేశాను.

ఫిబ్రవరి ఆఖర్న ఒక సాయంత్రం దేవన్న తన వంతు రాగానే చేతులు కట్టుకున్నాడు.

"నా ముచ్చట నోటితోని చెప్పేది కాదు. కండ్లతోని సూడాలె. ఐతారం నా పొలం కాడికి రాండ్రి. ఆడ పసుపు ఉడకబెడ్తున్నం."

ఆదివారం రాజారాం ఆటోలో మాక్లూర్ వెళ్లాం. కళ్లంలో ట్రాక్టర్ పక్కన బాయిలర్ ఆవిరి కక్కుతోంది. తవ్వి తెచ్చిన పచ్చి పసుపును డ్రమ్ముల్లో పోసి ఆవిరి పట్టిస్తారు, ఉడకగానే నేల మీద పరిచిన పట్టాల మీద గుమ్మరిస్తారు. పదునాలుగు మంది కూలీలు, అందరి చేతులూ మోచేతుల దాకా పసుపే. ఆ వాసనకు నాకు తుమ్ములు మొదలయ్యాయి.

ఒక డ్రమ్ము వంచగానే పొగలు కక్కుతూ కుప్ప పడింది. దేవన్న చొక్కా చెయ్యి పైకి మడిచి, ఎడమ చెయ్యి నేరుగా అందులో పెట్టాడు. తొందరేమీ లేకుండా ఒక కొమ్ము వెతికి తీసి, విరిచి, లోపలి రంగు మాకు చూపించాడు.

"ఉడికింది. ఇగ మీరు పట్టుండ్రి సూద్దాం."

రాజారాం పౌరుషానికి పోయి రెండు వేళ్లు పెట్టి, కెవ్వుమని అరిచి, ఊదుకుంటూ బోరు దగ్గరికి పరుగెత్తాడు. కూలీలు పడిపడి నవ్వారు. కూలీల్లో పెద్దమనిషి, అరవై ఏళ్ల లింగవ్వ, గంప దించి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"దేవన్న చెయ్యంటే ఏమనుకున్నవ్ బిడ్డా! కొమ్ము ఉడికిందా లేదా ఆయన సూసినంకనే మేం కుప్ప ఆరబోస్తం."

"రెండేండ్ల సంది నా చెయ్యి కాలదు," అన్నాడు దేవన్న గర్వంగా. "కష్టం చేసి చేసి ఇనుమైంది. ఏమంటవ్ జ్యోతక్కా, గిట్లాంటిది నీ పుస్తకాలల్ల ఉన్నదా?"

లేదన్నాను. అందరితో పాటు చప్పట్లు కూడా కొట్టాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా చేతుల మీద నాకే కోపం వస్తుంది.

బువ్వకు కూర్చునే ముందు దేవన్న బోరు దగ్గర సబ్బుతో రుద్ది రుద్ది చేతులు కడుక్కున్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఎడమ చేతి చిటికెన వేలు పక్కన పెద్ద బొబ్బ లేచి ఉంది. సబ్బు రుద్దుతుంటే అది చిట్లి నీరు కారింది. దేవన్న రాజారాంను ఆటపట్టిస్తూనే ఉన్నాడు, మొహంలో ఏ మార్పూ లేదు. పసుపు వదిలిన చోట, మణికట్టు పైన, చర్మం అరచేయంత మేర పాలిపోయి ఉంది. చిటికెన వేలు కొంచెం లోపలికి వంగి ఉంది.

కుష్ఠు మీది ఆ పుస్తకంలో, చర్మానికి స్పర్శ పోవడం గురించి రాసిన పేజీ నంబరుతో సహా గుర్తొచ్చింది.

నాది పెద్ద గొంతు. ఏది తెలిసినా పది మందిలో చెప్పందే నాకు తిన్నది అరగదు. ఆ రోజు మాత్రం నోరు మూసుకుని, బువ్వ తినడం అయ్యాక దేవన్నను గట్టు మీదికి తీసుకెళ్లాను. మెల్లగా, ఒక్కో మాటా తూచి చెప్పాను. అతని మొహం నల్లబడింది.

"పెద్దరోగమంటవా? నాకా?"

"నేను డాక్టర్ను కాదు తమ్మీ. డాక్టర్ తోని సూపిద్దామంటున్న. చెయ్యి ఇనుమైతే బొబ్బ లేవది. బొబ్బ లేశింది, నీకు తెల్వలే. గదీ నా భయం."

"గీ మాట ఊళ్లె పడ్తే నా కళ్లంల ఎవలన్న కాలు పెడ్తరా? నా ఎంబడి కూసుండి చాయ్ తాగుతరా? నా బిడ్డ అఖిల కాలేజీకి ఎట్ల పోతది? నేను రానక్కా. నువ్వు ఊకో."

"వందల తొంభై అయిదు మందికి గా జబ్బు పట్టనే పట్టదు. ముట్టుకుంటె వచ్చేది కాదు. మందులున్నయి, నయమైతది. గని ఆలస్యం చేస్తె నరం పోతది, నరం పోతే చెయ్యి పోతది. రేపు డిచ్‌పల్లిల గీ రోగం చూసే దవాఖానకు పోదాం. నా మాట తప్పైతే నలుగుర్ల నిలబెట్టి నన్ను తిట్టు."

అతను తన చేతిని చూసుకుని, చొక్కా చెయ్యి కిందికి దించి, వస్తానని తల ఊపాడు. నా మాట తప్పు కావాలని జీవితంలో మొదటిసారి కోరుకున్నాను.

నా మాట తప్పు కాలేదు. సోమవారం డాక్టరు దేవన్నను కళ్లు మూసుకోమని, పెన్ను మొనతో చేతి మీద పది చోట్ల తాకించాడు. తాకిన చోటల్లా వేలితో చూపించమన్నాడు. దేవన్న నాలుగే చూపించాడు. మోచేతి దగ్గర నరం ఉబ్బి ఉందన్నారు. ఇంకా ఏవో పరీక్షలు చేశారు. మందులు ఉచితమనీ, ఒక్కరోజు కూడా మానకూడదనీ, మొదలుపెట్టిన కొద్ది రోజులకే ఇంకొకరికి అంటుకునే ప్రమాదం ఉండదనీ డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. ఇంకో ఏడాది ఆగి ఉంటే వేళ్లు పూర్తిగా వంకర పోయేవట.

"సార్, వందల తొంభై అయిదు మందికి పట్టదంటది మా అక్క. నిజమేనా?"

"నిజమే," అన్నాడు డాక్టరు నా వైపు చూసి. "ఎక్కడ చదివారమ్మా?"

మామూలుగా అయితే నేను అరగంట మాట్లాడేదాన్ని. ఈసారి మందుల చీటీ అందుకుని లేచాను.

తిరుగు ప్రయాణంలో దేవన్న మందుల పొట్లం ఒళ్లో పెట్టుకుని అన్నాడు. "అక్కా, డిసెంబర్ల గా జంతువు ముచ్చట చెప్పినవు గదా. చెయ్యికి తెల్వకుంట పోతదని ఎందుకు చెప్పలే?"

"గమ్మత్తుగ లేదని," అన్నాను. అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. చెప్పాక ఏడుపొచ్చింది. ఎవరిదో ఆటోలో, హైవే మీద, యాభై రెండేళ్ల దాన్ని, చిన్నపిల్లలా ఏడ్చాను. దేవన్న నన్ను ఓదార్చాల్సి వచ్చింది.

ఇక ఇతను ఇంట్లో దాక్కుంటాడనే అనుకున్నాను. ఈ ఒక్క విషయంలో నేను పొరపాటు పడ్డాను, ఒప్పుకుంటున్నాను. పదిహేను రోజుల తర్వాత, పసుపు ఉడకబెట్టే ఆఖరి రోజున, మా ముగ్గురినీ మళ్లీ కళ్లానికి పిలిచాడు. లతకూ రాజారాంకూ అప్పటికే తనే చెప్పుకున్నాడు. బాయిలర్ ఆపించి, కూలీలందరినీ కూర్చోబెట్టి, ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు.

"గీ చెయ్యి ఇనుమైందని మీరు చప్పట్లు కొట్టిండ్రు. ఇనుము కాలే, రోగమొచ్చింది. మందు మింగుతున్న, నయమైతది. మీకు నా నుంచి ఏం కాదు. డాక్టర్ నోటితోని ఇన్న."

కూలీల్లో ఒకామె లేచి రెండడుగులు వెనక్కి జరిగి కూర్చుంది. రాజారాం విసురుగా వెళ్లి దేవన్నకు భుజం ఆనించి కూర్చున్నాడు. లత వాళ్లిద్దరికీ చాయ్ పోసింది. వెనక్కి జరిగినామె వాళ్లను చూసి, కాసేపటికి తన చోటికి తనే వచ్చింది.

"ఇగ మీలో ఇష్టమున్నోళ్లు కండ్లు మూసుకోండ్రి. పెన్నుతోని తాకిస్త. తాకంగనే చెప్పాలె," అన్నాడు దేవన్న.

మొదట సిగ్గుపడి నవ్వారు. తర్వాత వరసగా చేతులు చాపారు. ఆ, తాకింది, అన్నారు ఒక్కొక్కరూ. నేను పక్కనే నడుస్తూ మొహాలు చూస్తున్నాను. ఏడో మనిషి లింగవ్వ. కళ్లు గట్టిగా మూసుకుని, పసుపంటిన చెయ్యి ముందుకు చాపి కూర్చుంది. దేవన్న ఆమె మోచేతి కింద పెన్ను పెట్టాడు. కాస్త నొక్కాడు. కొంచెం పక్కన మళ్లీ నొక్కాడు.

"గంత సేపేంది దేవన్నా," అంది లింగవ్వ నవ్వుతూ. "పెట్టరాదు?"

నేను నోరు తెరవబోయాను. దేవన్న వద్దని తల ఊపి, పెన్ను జేబులో పెట్టుకుని, ఆమె చెయ్యి తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"కండ్లు తెరువు అవ్వా. రేపు పొద్దుగాల ఎనిమిదింటికి తయారుండు. నాతోని డిచ్‌పల్లి వస్తున్నవ్."