ట్రిఫన్ గారు పేర్చిన వరుస

రాదోస్తినాకు ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి! ఏళ్ళ తరబడి సర్వర్లకు చాకిరీ చేసింది. ఈసారి జట్టుకు పెద్ద తనేనని ప్లోవ్దివ్ ఊరి ఆఫీసులో కాఫీ మెషీన్‌కు కూడా తెలుసు. తీరా రేపు ఆ మాట ప్రకటిస్తారనగా ట్రిఫన్ గారు ఆమెను గదిలోకి పిలిచి, "నువ్వే చెడగొట్టావమ్మాయ్, పెద్దరికం కామెన్‌కు ఇస్తున్నా" అనేశారు.

జరిగిందిది. ఒక వైన్ కంపెనీ వాళ్ళ పీపాల చల్లదనాన్ని కొలిచి రాసిపెట్టే ప్రోగ్రాం ఎప్పుడో ఆగిపోయింది. ఆగిన సంగతి వాళ్ళు ఫోన్ చేసి చీవాట్లు పెట్టేదాకా ఇక్కడ ఎవరికీ తెలియదు. మూడు మెషీన్ల లాగులను, అంటే ఎప్పుడేం జరిగిందో అవి రాసుకునే చిట్టాలను, ఒకచోట పోసి, తేదీ ప్రకారం పేరిస్తే ముందేం జరిగిందో వెనకేం జరిగిందో తేలిపోతుంది. ఆ పని ట్రిఫన్ గారు నెత్తినేసుకున్నారు. నల్ల తెర మీద కమాండు కొట్టడంలో తన తర్వాతే ఎవరైనా అని ఆయన నమ్మకం. మౌసు పట్టుకునేవాళ్ళంటే ఆయనకు లోకువ. సార్ట్ అని కొట్టారు, ఎంటర్ నొక్కారు, కుర్చీలో వెనక్కి వాలారు.

"చూడు. పైన నువ్వు పాత ఫైళ్ళు తీసేసిన వరుస. ఎంతో కిందికి వెళ్తేగానీ రికార్డింగ్ ఆగిన వరుస రాలేదు. నువ్వు తీశాకే ఆగింది. ఇంకేం కావాలి?"

రాదోస్తినా తెర వైపు వంగి చూసింది. తను ఫైళ్ళు తీసిన వరుస మొదట్లో 01.02 అని ఉంది. రికార్డింగ్ ఆగిన వరుస మొదట్లో 31.01 అని ఉంది. ఓరి దేవుడా! ఈ దేశంలో అందరూ రోజు ముందు రాసి నెల తర్వాత రాస్తారు. సార్ట్‌కు పండుగలూ నెలలూ ఏం తెలుసు? ఎడమ చివరి నుంచి ఒక్కో అక్షరమే పోల్చుకుంటూ పోతుంది. సున్నా ముందు, మూడు వెనక. ఆ లెక్కన ఫిబ్రవరి ఒకటి పైకెక్కి కూర్చుంది, జనవరి ముప్పై ఒకటి అడుక్కి పోయింది.

"ట్రిఫన్ గారూ, ఒక్కసారి ఆ తేదీలు..."

"నాకు సార్ట్ నేర్పుతావా? నువ్వు బడికెళ్ళే రోజుల నుంచి కొడుతున్నాను నేను!"

ఆమె బయటికొచ్చింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అరిచి గోల పెడదామా అనుకుంది. అంతలో రేపటి పండుగ గుర్తొచ్చి, తడి కళ్ళతోనే కిసుక్కున నవ్వింది. ఆయన భార్య దెనిత్సాకు ఫోన్ కలిపి, మీ ఇంటి ముఖ్యమైన తేదీలు నాలుగు కావాలండీ, సార్‌కు కానుక తయారు చేస్తున్నా అంది.

"నాలుగేంటి, అయిదిస్తా రాసుకో" అంది దెనిత్సా. అయిదోది చెప్పేటప్పుడు ఆవిడ గొంతులో నవ్వు ఆగలేదు.

మర్నాడు, ఫిబ్రవరి పద్నాలుగున, సెయింట్ ట్రిఫన్ పండుగ. ద్రాక్షతీగలు కత్తిరించే రోజు, పైగా ఆ పేరే పెట్టుకున్నందుకు సార్‌కు పేరు పండుగ. పేరు పండుగకు ఎవరూ ఎవర్నీ పిలవరు, వచ్చేస్తారంతే. దెనిత్సా ఆఫీసుకే వచ్చింది, ఆవిడ తల్లి స్తోయ్నా పెద్ద పళ్ళెం నిండా బనిత్సాతో, అదే జున్ను పెట్టి కాల్చిన పొరల రొట్టెతో, వచ్చింది. గోడ మీది పెద్ద తెరలో సార్ తన తోటలో తీగలు కత్తిరిస్తున్న వీడియోలు పొద్దుటి నుంచి ఆడుతూనే ఉన్నాయి. బల్ల మీద తీగతో అల్లిన కిరీటం ఉంది. ఏటా జట్టు పెద్ద తలకు సార్ తన చేత్తో పెడతారు దాన్ని. కామెన్ దానివైపు చూసి సిగ్గుపడుతున్నాడు.

"సార్, మీ జీవితానికి ఒక లాగ్ రాశాను" అంది రాదోస్తినా, పాలు తాగే పిల్లిలా అమాయకంగా. "వరుసలు కలగలిసిపోయాయి. మీరే ఒకసారి సార్ట్ కొట్టండి, అందరూ చూస్తారు."

ఆయన గ్లాసు దించి, చేతులు దులుపుకుని, వీడియో ఆపి, టకటకా కొట్టారు. తెర మీద వరుసలు పడ్డాయి.

03.08.2004 వడగళ్ళ వాన
03.09.1998 కూతురు పుట్టింది
17.05.1997 పెళ్ళి
24.07.2004 అత్తగారి కారుకు సొట్ట తీయించడం
29.04.1996 దెనిత్సాతో తొలి పరిచయం

హాలు గొల్లుమంది.

"ఏం అల్లుడూ!" స్తోయ్నా కళ్ళజోడు సర్దుకుంది. "ముందు పిల్లను కని, తర్వాత పెళ్ళి చేసుకుని, ఆ పైన మా అమ్మాయిని పరిచయం చేసుకున్నావా? మాకెవరికీ చెప్పనేలేదే!"

ట్రిఫన్ గారు మీసం లాక్కున్నారు. తేదీల వైపు చూశారు. మళ్ళీ చూశారు. మెడ ఎర్రబడింది.

"రోజును బట్టి పేర్చిందిది" అన్నారు మెల్లగా.

"అవును సార్. నిన్నటిది కూడా."

రాదోస్తినా ముఖంలో నవ్వు ఎటో పోయింది. ఆయన ఆమెకేసి చూసి, కీబోర్డు ఆమె ముందుకు జరిపారు. "కొట్టు. ఎలాగో చెప్తూ కొట్టు."

"ఏడో అక్షరం నుంచి పదో అక్షరం దాకా సంవత్సరం, ముందు అది చూడమనాలి. తర్వాత నాలుగూ అయిదూ, నెల. తర్వాత ఒకటీ రెండూ, రోజు. అన్నిటి తర్వాత గంటలూ నిమిషాలూ." నిన్నటి వైన్ కంపెనీ లాగు తెరిచి, అలాగే కొట్టింది.

ఈసారి జనవరి పైకొచ్చింది. కామెన్ గట్టిగా చదివాడు. "ముప్పై ఒకటి, సాయంత్రం. ట్రిఫన్... తీగల కత్తిరింపు వీడియోలు... అన్ని భాగాలూ... సర్వర్ మీదికి కాపీ." ఇక్కడ వాడి గొంతు సన్నబడింది. "డిస్కు నిండిపోయింది. రికార్డింగ్ ఆగిపోయింది. ఒకటో తారీకు పొద్దున, డిస్కు నిండిందని రాదోస్తినా పాత ఫైళ్ళు తీసేసింది."

పొద్దుటి నుంచి గోడ తెర మీద ఆడిన వీడియోలు గుర్తొచ్చి అందరి కళ్ళూ ట్రిఫన్ గారి మీదికి వెళ్ళాయి. ఆయన బల్ల దగ్గరికి నడిచారు. మనిషి మొండివాడే గానీ దొంగ కాదు. తీగ కిరీటం తీసి, నేరుగా వచ్చి రాదోస్తినా తల మీద పెట్టారు. "తప్పు నాది. వాళ్ళకు ఫోన్ కూడా నేనే చేసి చెప్తాను. జట్టు నీది." అందరూ చప్పట్లు కొట్టారు. కామెన్ అందరికన్నా గట్టిగా కొట్టాడు. తీగ ముక్క చెవికి గుచ్చుకుంటున్నా రాదోస్తినా తల కదపలేదు, ఎక్కడ జారిపోతుందోనని.

"బాగుంది" అంది దెనిత్సా, వైన్ చప్పరిస్తూ. "ఆ చేత్తోనే మా ఆయన జీవితం కూడా సరిగ్గా పేర్చమ్మా."

"అదెందుకిప్పుడు!" ట్రిఫన్ గారు చెయ్యి అడ్డం పెట్టబోయారు. కొత్త పెద్ద అప్పటికే ఎంటర్ నొక్కేసింది.

పరిచయం, పెళ్ళి, కూతురు, అన్నీ బుద్ధిగా వరుసలో నిలబడ్డాయి. చివరి రెండు వరుసల దగ్గర స్తోయ్నా చూపు ఆగిపోయింది. బనిత్సా ముక్క నోటిదాకా వెళ్ళి ఆగింది.

"అల్లుడూ," అంది ముసలావిడ తీరిగ్గా, "నా కారుకు సొట్ట వడగళ్ళ వల్ల పడిందని ఇన్నేళ్ళూ నమ్మాను. ఆ దేవుణ్ణి కూడా తిట్టిపోశాను. వడగళ్ళు ఆగస్టులో పడితే, జులైలోనే ఎలా బాగుచేయించావయ్యా?"