సారు మేకను ఎవరెత్తుకెళ్లారు?

బొగ్గు బాయిలో మొదటి షిఫ్టు దిగి ఇంటికొచ్చిన మా ఆయన పోశం, కాళ్లయినా కడుక్కోకుండా పెరట్లోకి వెళ్లి మేకపోతు తాడు పట్టుకుని నిలబడ్డాడు. మేడారం మొక్కు కోసం కొని, గోదావరిఖనిలో మా క్వార్టర్ వెనకాల సాకుతున్న మేకపోతు అది.

"ఇది ఎవలది జమునా?"

"మనదే. ఎండదెబ్బ తగిలిందా ఏంది నీకు?"

"నేను ఆయన మేకను తీసుకున్ననట! కొత్త సారు అందరి ముంగట అన్నడు, 'యూ గాట్ మై గోట్' అని. గోటంటే మేకనే గద? మా ఇంట్ల మేక ఉందని అందరికి ఎరుకే, ఒక్కటే నవ్వుడు. నన్ను దొంగను చేసిండు. రేపు ఆయన కాలర్ పట్టకపోతే చూడు!"

సారు కాలర్ పట్టుకుంటే నౌకరీ ఉంటుందా? అయినా భయం ఒకవైపు, వింత ఒకవైపు. ఎక్కడో ఉత్తరాది నుంచి మొన్న మొన్న వచ్చిన సారుకు మా మేకపోతుతో ఏం పని? ఏదైనా అర్థం కాకపోతే నాకు అన్నం సహించదు.

"అసలు లొల్లి ఎందుకైంది?" అని అడిగాను.

"జోడీ కోసం. నాతోని పనికి రోజుకొకన్ని ఇస్తున్నడు. ఒక్కడన్న సక్కగ చేస్తలేడని నేను రోజు అడుగుతున్న."

సాయంత్రం జాకెట్టు కోసం శ్రీహిత మేడమ్ వచ్చింది. మంథని ఆమె, ఇక్కడి బడిలో ఇంగ్లిష్ చెప్తుంది. నేను కుట్టిన జాకెట్టు చేతికివ్వకుండానే సంగతంతా చెప్పాను. నవ్వలేక మిషన్ ముందున్న స్టూలు మీద కూలబడింది.

"గోట్ అంటే మేకనే అక్కా. కానీ ఆ మాటకు 'నువ్వు నాకు చిర్రెత్తించినవ్' అని అర్థం. అంతే, దొంగతనం గింగతనం ఏం లేదు."

"మేకకు, చిర్రుకు ఏం సంబంధం మేడమ్?"

"గట్టిగ ఎవరికీ తెల్వదు. ఒక కథైతే చెప్తరు. పందెం గుర్రాలు ఊకె బెదురుతయట. అందుకని పక్కన ఒక మేకను ఉంచేటోళ్లట. అది ఉంటే గుర్రం నిమ్మళంగ ఉంటదట. పందెం ముందు అవతలోళ్లు ఆ మేకను ఎత్తుకపోతే, ఇగ గుర్రం ఆగమాగం. నిజమో కాదో మరి."

ఆమె వెళ్లిపోయింది కానీ ఆ గుర్రం నా బుర్రలోంచి వెళ్లలేదు. మా ఆయన కూడా ఈమధ్య ఊరికే బెదురుతున్నాడు. ఉప్పు తక్కువని కంచం నెట్టేస్తాడు. నల్లా దగ్గర పక్కింటి సదయ్య కాకతో కొట్లాట పెట్టుకుంటాడు. ఎప్పటి నుంచి? ఉపేందర్‌ను శ్రీరాంపూర్‌కు బదిలీ చేసినప్పటి నుంచి. బాయిలో కప్పుకు ఆసరా దుంగలు నిలబెట్టే పనిలో ఏళ్లపాటు వీళ్లిద్దరే జోడీ. ఒకరు దుంగ పట్టుకుంటే ఇంకొకరు కొట్టాలి. 'తిన్నవా బావా' అని ఉపేందర్ అడిగాకే ఈయన టిఫిన్ మూత తీసేవాడు. ఇంత తెలిసీ నాకు తట్టనందుకు నా మీద నాకే కోపమొచ్చింది.

పెరట్లోకి వెళ్లి మేడమ్ చెప్పిందంతా చెప్పాను. మా ఆయన మేకపోతు పక్కన కూర్చుని దాని మెడ నిమిరాడు.

"మేకను తీసుకపోయినంక, గా గుర్రం ఎట్లున్నదని ఎవలన్న అడిగిన్రా?" అన్నాడు.

నేను ఉపేందర్‌కు ఫోన్ కలిపి ఆయన చేతిలో పెట్టాను.

"తిన్నవా బావా?" అన్న గొంతు నాక్కూడా వినబడింది.

"లేదు బావా. నువ్వు పోయినకాన్నుంచి సక్కగ తింటలేను."

నేనేమో ఇన్నాళ్లూ కూరలో ఉప్పు సరిచూస్తూ కూర్చున్నాను. కళ్లు తుడుచుకుని, మాటలయ్యాక అడిగాను.

"మరి రేపు సారు కాలర్ సంగతేంది?"

"ఆయన మేకను ఆయనకు ఇచ్చేస్త తియ్," అని నవ్వాడు. నవ్వుతూనే ఫోన్ వైపు చూశాడు. "నాది నాకు ఎవలిస్తరు మరి?"