జెల్మా మూసిన తలుపు

పోర్ట్ మరియా ఊళ్ళో నాటకానికి వచ్చేవాళ్ళు నోరు ఇంట్లో పెట్టి రారు. ఈస్టర్ సోమవారం సాయంత్రం చర్చి హాలు కిటకిటలాడుతోంది. చేతుల్లో తీపి బన్నూ చీజూ, నోటి నిండా సలహాలు. గవర్నరు భార్య కథ వాళ్ళకు కంఠతా వచ్చు. అయినా ఏటా గవర్నరును తిట్టడానికి వస్తారు.

కథ పాతదే. గవర్నరు తన ప్రాణస్నేహితుడికీ భార్యకూ సంబంధం అంటగట్టి, వానలో ఆమెను ఇంట్లోంచి గెంటిస్తాడు. ఏళ్ళు గడిచాక నిజం తెలిసి, తిరిగి వచ్చిన ఆమె ముందు మోకరిల్లుతాడు. అప్పుడు ఆమె ఒక్క మాట అంటుంది. తెర పడుతుంది.

ఆ మాట ఏటా మొదటి ప్రదర్శనకు ముందు ఎవరూ పైకి అనకూడదు. అంటే అరిష్టం. రిహార్సల్‌లో కథ అక్కడికి రాగానే నాటకం వేయించే టీచర్ లాసెల్స్ చప్పట్లు కొట్టి, "చాలు, ఇళ్ళకు పొండి" అనేవాడు. అందుకే వేషం కొత్తవాళ్ళ చేతికి వచ్చిన ఏడు, వాళ్ళు ఆ మాట ఎలా పలుకుతారో తెర పడేదాకా ఎవరికీ తెలియదు.

ఈ ఏడు వేషం చేతులు మారింది. ఏళ్ళ తరబడి గవర్నరు భార్యగా హాలు మొత్తాన్ని ఏడిపించిన దర్జీ జెల్మాకు టీచర్ గవర్నరు ఇంట్లో పెద్ద దాసి వేషం ఇచ్చాడు. మొదటి అంకంలో తలుపు మూయడం, చివరి అంకంలో లాంతరు పట్టుకోవడం, అంతే పని. గవర్నరు భార్య వేషం ఆసుపత్రిలో నర్సుగా చేసే టమోయాకు వెళ్ళింది.

జెల్మా కడుపు భగ్గుమంది. మర్నాడే బజారులో చేపలమ్మే ఐసీ బల్ల దగ్గర నిలబడి, "ఆ పిల్లకి వేషం ఎలా వచ్చిందో చీకటి పడ్డాక టీచర్ గారి వరండాని అడుగు, చెప్తుంది" అంది. ఐసీ చెవిన వేసిన మాట చేపకన్నా ముందు ఊరంతా అమ్ముడుపోతుంది. ఈస్టర్ ఆదివారం చర్చిలో పాడవలసిన పాటను పాస్టరు భార్య టమోయా నుంచి తీసేసుకుంది. మాట ఎక్కడ పుట్టిందో టమోయాకు తెలుసు. అయినా రిహార్సల్‌కు వచ్చినప్పుడల్లా "గుడ్ ఈవినింగ్, మిస్ జెల్మా" అని తన పని తను చూసుకునేది. ఆ మర్యాదే జెల్మాను ముల్లులా గుచ్చేది. తిట్టినా బాగుండేది, తిరిగి తిట్టవచ్చు.

ఆ సాయంత్రం జెల్మా కోరుకున్నది ఒక్కటే. చివరి మాట దగ్గర పిల్ల తేలిపోవాలి. జెల్మా ఉంటేనే నాటకం అని ఊరు అనుకోవాలి.

మొదటి అంకం వచ్చింది. టాక్సీ నడిపే వైక్లిఫ్ గవర్నరు కోటులో గర్జించాడు. "గెంటండి దాన్ని! తలుపు ముయ్యండి!"

"నోర్ముయ్ వైక్లిఫ్! నీ బండికన్నా నీ బుర్రకే రిపేరు కావాలి!" ముందు వరసలోంచి ఐసీ కేక వేసింది. హాలు గొల్లుమంది.

జెల్మా తలుపు దగ్గరకు నడిచింది. ఈ చోట తను గవర్నరు భార్యగా తలుపు బాది, జుట్టు విరబోసుకుని ఏడ్చేది. టమోయా బాదలేదు. గుమ్మం అవతల నిలబడి, ఇంట్లో ఏ దీపమైనా ఆర్పడం మరిచిపోయానా అన్నట్టు లోపలికి ఒకసారి చూసింది. అంతే.

"తలుపు వెయ్యకే ముసలిదానా!" అన్నారెవరో వెనక నుంచి. ఈసారి ఎవరూ నవ్వలేదు. జెల్మా చేతులు తలుపు వేశాయి, కానీ మనసు ఆ చూపు దగ్గరే ఆగిపోయింది. ఆ చూపు తనకు ఇన్నేళ్ళలో ఎందుకు తట్టలేదు? పిల్ల గొప్పగా చేస్తోంది. ఒప్పుకోవడం చేదుగా ఉంది, అయినా కళ్ళు తిప్పుకోలేకపోయింది.

చివరి అంకంలో మూసిన తలుపు పక్కన జెల్మా లాంతరు పట్టుకుని నిలబడింది. గవర్నరు మోకాళ్ళ మీద ఉన్నాడు. హాలులోంచి కేకలు మొదలయ్యాయి.

"ఇంకాసేపు ఉంచమ్మా వాణ్ణి! మోకాళ్ళు అరగనీ!"

"క్షమించెయ్ తల్లీ, బస్సు వెళ్ళిపోతుంది!"

టమోయా చెయ్యి ఎత్తింది. హాలు నిశ్శబ్దమైంది. ఆమె వైక్లిఫ్ తల మీద చెయ్యి వేసి, అక్కడ ఆగకుండా ముందుకు నడిచింది. జెల్మా ఎదుట నిలబడింది. ఇంతమంది ముందు ఏమంటుందో! అనవలసింది అంటే కాదనే మొహం కూడా తనకు లేదు.

"తలుపు మూసిన చేతితోనే తలుపు తియ్యి," అంది టమోయా.

కోపం లేదు, ఏడుపు లేదు. ఇంటికి వచ్చిన మనిషి అడిగినట్టు అడిగింది.

ఇన్నేళ్ళూ జెల్మా ఆ మాటను గవర్నరుతోనే అంది, ఊరూ అలాగే విన్నది. గవర్నరు నోటితో చెప్పాడే గాని తలుపు మూసిన చెయ్యి దాసిదే. అది ఎవరికీ తోచలేదు. ఈ పిల్లకు తోచింది. జెల్మా లాంతరు కింద పెట్టి, ఆ చేత్తోనే తలుపు తీసింది. టమోయా ఆమె చెయ్యి పట్టుకుని లోపలికి నడిచింది. తెర పడింది.

హాలు లేచి నిలబడింది. బల్లలు బాదుతున్నారు, ఈలలు వేస్తున్నారు. తెర మళ్ళీ లేచేసరికి జెల్మా కళ్ళ నుంచి నీళ్ళు ధారగా కారుతున్నాయి, అవి వేషం కోసం తెచ్చుకున్నవి కావు. ఆమె అందరితోపాటు వంగి దండం పెట్టలేదు. వేదిక అంచుకు వచ్చింది.

"ఐసీ! బజార్లో నీతో నేను చెప్పింది అబద్ధం. కడుపుమంటతో కల్పించి చెప్పాను. ఈ పిల్లకి వేషం ఎలా వచ్చిందో ఇప్పుడు నువ్వే చూశావుగా."

హాలు నోరు తెరిచింది. టీచర్ లాసెల్స్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. పాస్టరు భార్య ఒడిలోని విసనకర్ర వంక చూస్తూ ఉండిపోయింది.

"ఓసి నీ దుంపతెగ!" అంది ఐసీ, చేతిలో బన్నుతో లేచి. "ఇప్పుడా చెప్పేది? ఊరంతా తిరిగి అందరికీ చెప్పేశాను కదే!"

"అయితే మళ్ళీ తిరుగు," అంది జెల్మా. "ఈసారి నేనూ వస్తాను. ముందు పాస్టరు గారింటికి."