టక్కుమన్నాక

పెట్రోలు కొట్టించడం నాన్నకి పెద్ద తలనొప్పైపోయింది. గన్ పెట్టగానే టక్కుమని ఆగిపోతోంది, మళ్లీ నొక్కితే మళ్లీ టక్. వెనక బండ్లవాళ్లు చెవులు చిల్లులు పడేలా హారన్లు కొడుతున్నారు. బంకువాళ్లని నానా మాటలూ అని, చివరికి కారు నా షెడ్డుకి తెచ్చాడు.

కారుని లిఫ్టెక్కించి, ట్యాంకు పక్కనుండే బొగ్గుల డబ్బా విప్పాను. ట్యాంకులోంచి వచ్చే ఆవిరిని పట్టుకునేది అదే. ఇటుకంత బరువుంది. వంచితే పెట్రోలు కారింది.

"గన్ ఆగాక కూడా కొట్టిస్తావా నాన్నా?"

"కారుని కాస్త ఊపితే ఇంకో లీటరు పడుతుంది తల్లీ!" అన్నాడు గర్వంగా.

నాకు ఒళ్లు మండింది. "ఆవిరి పోయే దారిలో పెట్రోలు పోస్తే బొగ్గులు నానిపోవూ? లోపలి గాలికి దారి లేకే గన్ ఆగిపోతోంది. టక్కుమందంటే చాలని అర్థం. నువ్వు ఎవరు చాలన్నా వినవు! నా కంచంలోనూ అంతే, చెయ్యి అడ్డం పెట్టినా ఇంకో గరిటె పడాల్సిందే."

కొత్త డబ్బా బిగించి బంకుకెళ్లాం. ట్యాంకు నిండాక గన్ ఒక్కసారి టక్కుమంది. "చాలు బాబూ," అన్నాడు నాన్న.

ఇంటికెళ్లి భోజనానికి కూర్చున్నాం. నాన్న వడ్డిస్తుంటే అలవాటుగా చెయ్యి అడ్డం పెట్టి "చాలు" అన్నాను. గరిటె అక్కడే ఆగింది. గిన్నె అమ్మవైపు జరిగింది.

కంచం వంక చూసుకున్నాను. ఎలాగూ ఇంకో గరిటె వేస్తాడని, చిన్నప్పట్నుంచీ నేను ఒక గరిటె ముందే చాలంటున్నాను. ఆ సంగతి నాకే ఇప్పుడు తెలిసింది.

ఆకలి తీరలేదు. అడగడానికి నోరు రాలేదు.