ఐదోవంతు

తుంటి కీలు అరిగినవాళ్లకి అమర్చే తెల్లటి పింగాణీ గుండ్లు చేస్తారు ఆ కార్ఖానాలో. పొడిలో మైనం కలిపి అచ్చులో నొక్కితే, గుండు సుద్దముక్కలా గుల్లగా వస్తుంది. కొలిమిలో కాలాక ఐదోవంతు చిన్నదై, ఆకురాయికి కూడా లొంగనంత గట్టిపడుతుంది. బరువు మాత్రం దాదాపు అంతే. కొలిమి మేస్త్రి పదిహేనేళ్లుగా రోజూ పొద్దున్నే తలుపు తీసి, ఒక్కో గుండునూ కొలుస్తున్నాడు.

మైనం వదలాలంటే సన్నటి సెగ మీద ఎనిమిది గంటలు ఉంచాలి. గురువారం టీవీలో మ్యాచ్ ఉందని మేస్త్రి నాలుగు గంటలు ఉంచగానే వేడి పెంచేసి ఇంటికెళ్లాడు. మర్నాడు నలభై గుండ్లకీ వెంట్రుకంత పగుళ్లు.

"అచ్చులో సరిగ్గా నొక్కలేదండీ" అన్నాడు మేనేజరుతో. అచ్చు దగ్గర పనిచేసే ఆవిడ పక్కనే ఉంది. అతను అటు చూడలేదు.

శనివారం లేచేసరికి మేస్త్రి ఐదోవంతు తగ్గిపోయి ఉన్నాడు. చొక్కా మోకాళ్లదాకా వచ్చింది.

"బరువు?" అంది భార్య, చీపురు ఆపకుండా.

"అంతే ఉంది."

"అయితే జ్వరం కాదు. ఎవరి మీదికి నెట్టావు?"

మేస్త్రి చొక్కా చేతులు పైకి మడుచుకుని బయల్దేరాడు. బస్సులో కండక్టరు ఎగాదిగా చూసి, "అర టికెట్టు కుదరదు మేస్త్రీ. బస్సు మోసేది మొత్తం మనిషినే" అన్నాడు. కార్ఖానా గేటు దగ్గర వాచ్‌మన్, "మా బావమరిదీ ఇలాగే తగ్గాడు. ప్యాంట్లన్నీ దండగ" అన్నాడు.

అచ్చు దగ్గరావిడ సామాన్లు సంచిలో సర్దుకుంటోంది. మధ్యాహ్నం ఆమెను పనిలోంచి తీసేస్తూ ఉత్తరం ఇస్తారట. మేస్త్రికి కొలిమి మీట అందలేదు. మునివేళ్ల మీద రెండుసార్లు ఎగిరాడు. ఆవిడ సంచి కింద పెట్టి, ఖాళీ పెట్టె ఒకటి కాలితో అతని ముందుకు తోసింది.

"ఎక్కన్నా. వేళ మించితే గుండ్లు పాడవుతాయి."

నాలుగు తిట్టినా బాగుండేది. మేస్త్రి పెట్టె ఎక్కాడు, మీట వేశాడు, దిగి నేరుగా మేనేజరు గదికి వెళ్లాడు.

"తప్పు నాదండీ. నాలుగు గంటలే ఉంచాను. మ్యాచ్ కోసం."

"నిన్న చెప్పాల్సిన మాట ఇది" అంటూ మేనేజరు బల్ల మీది ఉత్తరాన్ని రెండు ముక్కలు చేశాడు. "ఇకనుంచి కొలిమి ఆవిడ చూసుకుంటుంది. నువ్వు అచ్చు దగ్గరికి వెళ్లు."

ఆవిడకి మీటలన్నీ చూపించాక, మేస్త్రి గొంతు తగ్గించి అడిగాడు. "నేను మళ్లీ పెరుగుతానంటావా?"

"కాలిన గుండు పెరగడం ఎప్పుడైనా చూశావా అన్నా?" వెటకారమేమీ లేదు ఆ మాటలో.

"లేదు."

ఆవిడ కొలిమి గంటలు రాసే పుస్తకం కోసం చెయ్యి చాపింది. ఇచ్చేముందు మేస్త్రి గురువారం పేజీ తీసి, తను రాసిన ఎనిమిదిని కొట్టేసి, నాలుగు అని రాశాడు.